కుక్కకు గజ్జి పట్టిందంటాం, ఇంతకీ ఏ గజ్జి?

జూలైలో రెండు వానలు గట్టిగా పడ్డాయంటే విజయవాడలో కుక్కలున్న ఇళ్లలో ఒకటే మాట: "మా వాడికి గజ్జి పట్టింది." పటమటలో లిఫ్టెక్కి నాలుగో అంతస్తుకు వెళ్లే లాబ్రడార్ గురించీ అదే మాట, భవానీపురంలో టీ బడ్డీ కింద పడుకునే ఊరకుక్క గురించీ అదే మాట. కృష్ణ దాటి గుంటూరు బ్రాడీపేటకు వెళ్లినా మాట మారదు. జబ్బు పేరు ఒక్కటే కాబట్టి మందూ ఒక్కటే ఉంటుందన్న ధీమాతో మందుల షాపుకు వెళ్తారు. ఫోనులో ఫోటో చూపిస్తారు. మనుషుల తామరకు వాడే ట్యూబు ఒకటి చేతికొస్తుంది. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది. పదో రోజుకు పుండు అరచేయంత అవుతుంది.

చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. దురద పెట్టి, బొచ్చు ఊడి, పుండు పడితే మనకది గజ్జే. పశువైద్యుడికి మాత్రం అది కనీసం అరడజను వేర్వేరు జబ్బులు దాక్కున్న మూట. కొన్నింటికి పురుగు కారణం, కొన్నింటికి బాక్టీరియా, కొన్నింటికి శిలీంధ్రం. ఇంకొన్నింటికి బయటి శత్రువే ఉండడు, కుక్క ఒంటి తత్వమే కారణం. ఒకదానికి అమృతంలా పనిచేసే మందు పక్కదాన్ని రెట్టింపు చేస్తుంది. ఆ మూట విప్పి చూడటమే ఈ వ్యాసం పని.

దురద ముందా, పుండు ముందా

కుక్క చర్మం చూడటానికి మొరటుగా ఉంటుంది కానీ నిజానికి మన చర్మం కంటే పలుచన. పైపొరలో మనకు పది పదిహేను వరుసల కణాలుంటే కుక్కకు మూడు నుంచి ఐదు వరుసలే. మన చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్కది తటస్థానికి దగ్గర. ఆ పలుచని చర్మానికి కాపలా బొచ్చే. అది ఊడిన చోట గోరు తగిలినా గాయమే.

ఆ చర్మం మీద ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కొన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా. మామూలు రోజుల్లో దాని మానాన అది బతుకుతుంది. కుక్క గీరుకుని, కొరుక్కుని, నాకి నాకి చర్మం పగలగొట్టుకున్న రోజున లోపలికి దిగుతుంది. చీము పడుతుంది. చీము దురద పెంచుతుంది. దురదకు కుక్క మళ్లీ గీరుతుంది. మనం ఫోటో తీసేది ఈ దశలో. అంటే మనకు కనిపించే పుండు చాలాసార్లు కథలో రెండో భాగం, మొదటి భాగం ఎక్కడో వారాల క్రితం మొదలై ఉంటుంది.

అందుకే అనుభవమున్న డాక్టరు పుండు చూడకముందే ఒక ప్రశ్న అడుగుతారు: "ముందు గీరుకోవడం మొదలైందా, ముందు బొచ్చు ఊడిందా?" చాలామంది యజమానులు తడుముకుంటారు. కానీ జవాబు దొరికితే సగం జబ్బు తేలినట్టే. ముందు దురద అయితే పురుగులు, అలర్జీ వైపు చూడాలి. దురద లేకుండానే బొచ్చు ఊడి, తర్వాత పుండ్లు పడితే దారి వేరు.

మిన్నల్లులు: కనిపించవు, కానీ లెక్క పెద్దది

డాక్టర్లు ఫ్లీలు అనే సన్నటి గోధుమరంగు పురుగులకు తెలుగులో మిన్నల్లి అనే మంచి మాట ఉంది. వాడుకలో పోయింది. ఇప్పుడు పిడుదైనా, పేనైనా, మిన్నల్లైనా జనం నోట అన్నీ "పురుగులే". ఈ మూడూ ఒకటి కావు. పిడుదు, అదే గోమారి, రక్తం తాగి గింజలా ఉబ్బి ఒకేచోట పట్టుకుని ఉంటుంది. మిన్నల్లి బొచ్చు మధ్య పరిగెడుతుంది, ఎగురుతుంది, వేలికి చిక్కదు.

మిన్నల్లి కుట్టిన కుక్కలన్నీ పుండ్లు పడేంత గీరుకోవు. కొన్నింటికి మాత్రం దాని లాలాజలం పడదు. అలాంటి కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి తోక మొదట్లో, నడుము మీద, తొడల వెనక కొరుక్కుంటూనే ఉంటుంది. పైగా ఆ కొరుక్కోవడంలో పురుగును తనే మింగేస్తుంది. దాంతో యజమాని బొచ్చు పాయలు తీసి చూసి "మా కుక్క మీద ఒక్క పురుగూ లేదు" అంటాడు. అబద్ధం కాదు. కానీ నడుము మీద దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. మట్టి అయితే మట్టిరంగులోనే ఉంటుంది. చుట్టూ ఎర్రటి మరక పాకితే అది మిన్నల్లి మలం, అంటే అరిగిన కుక్క రక్తం.

ఇక లెక్క. ఆడ మిన్నల్లి రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. కుక్క మీద పది ఆడవి ఉన్నాయనుకుందాం. రోజుకు 400, నెలకు 12,000 గుడ్లు. అవి నున్నగా ఉంటాయి కాబట్టి బొచ్చులో నిలవవు. సోఫా సందుల్లో, చాపల కింద, కుక్క పడుకునే గోనెపట్టా మీద రాలిపోతాయి. ఏ సమయంలో చూసినా మొత్తం సంతతిలో కుక్క ఒంటి మీద ఉండేది దాదాపు 5 శాతం, మిగతా 95 శాతం ఇంట్లో గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూళ్లలో ఉంటుంది. ఆదివారం షాంపూ పెట్టి స్నానం చేయిస్తే చచ్చేది ఆ 5 శాతం. బుధవారానికి కొత్తవి ఎక్కుతాయి. "షాంపూ పనిచేయలేదు" అనుకుంటాం. అది చేయాల్సిన పని చేసింది, మనం ఇంటిని వదిలేశాం.

మన ఊళ్ల వాతావరణం ఇక్కడ ఒక చిత్రమైన పాత్ర పోషిస్తుంది. మిన్నల్లి పిల్ల పురుగులు 35 డిగ్రీలు దాటిన పొడి వేడిని తట్టుకోలేవు. మే నెల ఎండలో వీధిలో అవి మాడిపోతాయి. కానీ ఏసీ గదిలో మంచం కింద వాటికి హాయిగా ఉంటుంది. గూడు కట్టుకున్నవైతే నెలల తరబడి నిద్రపోగలవు. జూన్ చివర గాలిలో తేమ చేరగానే బయటా లోపలా ఒకేసారి విజృంభిస్తాయి. వానాకాలంలో గజ్జి వస్తుందన్న జనం మాటకు ఇది ఒక ఆధారం.

పిడుదుల సంగతి క్లుప్తంగా. వాటితో అసలు భయం దురద కాదు, రక్తంలోకి ఎక్కించే ఎర్లికియా, బెబీసియా వంటి జబ్బులు. పిడుదులున్న కుక్క తిండి మానేసి, జ్వరంతో, పాలిపోయిన చిగుళ్లతో ఉంటే చర్మం సంగతి తర్వాత, రక్తపరీక్ష ముందు. రక్తం తాగిన ఆడ పిడుదు గోడ ఎక్కి పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది కాబట్టి అక్కడా యుద్ధం సగం ఇంట్లోనే.

అసలు గజ్జి, ఆ పేరును పంచుకున్న మరొకటి

చర్మంలో ఉండే సూక్ష్మమైన పురుగులు రెండు రకాలు. మన భాషలో రెండూ గజ్జే. గుణంలో మాత్రం ఉప్పుకూ కర్పూరానికీ ఉన్నంత తేడా.

మొదటిది సార్కాప్టిస్. ఇదే అసలు గజ్జి పురుగు. చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేందుకు మూడు వారాల లోపే. చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింద బొచ్చు పలుచగా ఉన్న చోట మొదలవుతుంది. దురద భయంకరంగా ఉంటుంది, కుక్క తిండి మధ్యలో ఆపి గీరుకుంటుంది. పక్క కుక్కకు అంటుతుంది. ఎత్తుకున్న మనిషికీ ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అయితే కుక్క గజ్జి పురుగు మనిషి చర్మంలో సంతతి పెంచుకోలేదు. కుక్కకు వైద్యం జరిగితే మనిషి దురద కొద్ది వారాల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. మనుషుల గజ్జి పురుగు అదే జాతిలో వేరే రకం.

రెండోది డెమోడెక్స్. ఇది వెంట్రుక మొదళ్లలో ఉంటుంది. పుట్టిన మొదటి రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. ఆరోగ్యమైన కుక్కల్లోనూ కొద్ది సంఖ్యలో ఉంటుంది, ఎవరికీ హాని చేయదు. రోగనిరోధక శక్తి పట్టు తప్పినప్పుడు మాత్రం లెక్కకు మించి పెరుగుతుంది. కళ్ల చుట్టూ, మూతి మీద, ముందుకాళ్ల మీద బొచ్చు ఊడుతుంది. బాక్టీరియా చేరేదాకా దురద పెద్దగా ఉండదు. ఇంకో కుక్కకు అంటదు, మనిషికి అసలే అంటదు.

రెండు ఉదాహరణలు అనుకుందాం. గుంటూరు అరండల్‌పేటలో ఒక కుటుంబం వీధి కుక్కను చేరదీసింది. మూడు వారాలకు దాని చెవి అంచులు పెచ్చులు కట్టాయి, రాత్రంతా గీరుకుంటోంది, ఇంట్లో అమ్మాయి చేతుల మీద దద్దుర్లు. చెవి అంచును చెవి మీదే వేసి వేళ్లతో రుద్దితే కుక్క వెనకకాలు దానంతట అదే గాల్లో గీరడం మొదలుపెడుతుంది. ఇవన్నీ సార్కాప్టిస్ వైపే వేలు చూపిస్తాయి. రెండోది సత్యనారాయణపురంలో ఐదు నెలల జర్మన్ షెపర్డ్ పిల్ల. కంటి పక్కన పావలా బిళ్లంత బొచ్చు ఊడింది, గీరుకోవడం లేదు, ఆటపాటల్లో లోటు లేదు. ఇది డెమోడెక్స్ కావచ్చు. ఇలా ఒకటి రెండు మచ్చలతో ఆగిన పిల్లల్లో చాలావాటికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. ఇప్పుడు ఈ ఇద్దరు యజమానులూ ఒకే షాపుకు వెళ్లి, స్టెరాయిడ్ కలిసిన ఒకే ట్యూబు కొన్నారనుకోండి. మొదటి కుక్కకు నాలుగు రోజులు దురద తగ్గి, ఈలోగా పురుగు ఒళ్లంతా పాకుతుంది. రెండో పిల్లకు మచ్చగా ఉన్నది జబ్బుగా మారే ప్రమాదం ఉంది, ఎందుకంటే స్టెరాయిడ్ చేసే పనే రోగనిరోధక శక్తిని తగ్గించడం.

తేడా తేల్చే పరీక్ష పెద్దదేమీ కాదు. నూనె చుక్క వేసిన బ్లేడుతో చర్మం గీకి, సూక్ష్మదర్శిని కింద చూడటం. డెమోడెక్స్ అయితే చర్మాన్ని నొక్కి, కాస్త రక్తం చెమర్చేదాకా గీకాలి, సాధారణంగా దొరుకుతుంది. సార్కాప్టిస్‌తోనే తంటా. జబ్బు నిజంగా ఉన్న కుక్కల్లో కూడా సగానికి పైగా గీకుడులో పురుగు కనిపించదు. అందుకే "పరీక్షలో ఏమీ రాలేదు, అయినా గజ్జి మందే వేద్దాం" అని డాక్టరు అంటే అది అయోమయం కాదు. మందుకు కుక్క ఎలా స్పందిస్తుందో చూడటమే అక్కడ పరీక్ష.

ఒక సీసా, మూడు లెక్కలు

గజ్జి ఇంజెక్షన్ అని జనం అనేది ఎక్కువగా ఐవర్‌మెక్టిన్. జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు ఇది. దాన్ని వెలికితీసిన సతోషి ఒమురాకు, విలియం క్యాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఎంతోమంది చూపు కాపాడిన మందు కూడా ఇదే. అయితే పశువుల షాపులో దొరికే సీసా గేదెల కోసం తయారైంది, అక్కడే లెక్క తప్పుతుంది.

సీసా మీద 1 శాతం అని ఉంటే మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. పశువులకు 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు. ఇప్పుడు 10 కిలోల ఊరకుక్క. గజ్జికి వాడే మోతాదుల్లో కిలోకు 0.3 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం 3 మిల్లీగ్రాములు, అంటే సిరంజిలో 0.3 మిల్లీలీటరు. మందు మూడు మిల్లీగ్రాములు, సిరంజి గీత సున్నా పాయింట్ మూడు. ఈ రెండు మూడుల్ని కలగలిపి 3 మిల్లీలీటర్లు ఎక్కిస్తే పది రెట్లు. ఇది మొదటి లెక్క.

రెండోది జాతి లెక్క. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లో, కొన్ని జర్మన్ షెపర్డ్‌లలో కూడా, ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మెదడులోకి చేరిన మందును తిరిగి బయటికి తోసే ఒక పంపు వాటిలో పనిచేయదు. ఈ సంగతి 2001లో బయటపడింది. అలాంటి కుక్కకు కిలోకు 0.1 మిల్లీగ్రాము కూడా విషం కావచ్చు. 25 కిలోల కోలీకి అది కేవలం పావు మిల్లీలీటరు. తూలడం, చొంగ కార్చడం, చూపు పోవడం, స్పృహ తప్పడం జరుగుతాయి. నేరుగా పనిచేసే విరుగుడు లేదు, తేరుకునేదాకా కాచుకోవడమే.

మూడోది పోలిక లెక్క. "ఇదే మందు కుక్కలకు గుండె పురుగు రాకుండా నెలనెలా ఇస్తారు కదా, భయమెందుకు" అనే వాళ్లున్నారు. ఇస్తారు, కానీ అక్కడ మోతాదు కిలోకు 0.006 మిల్లీగ్రాము. గజ్జి మోతాదు దానికి 50 రెట్లు.

మరి డాక్టర్లు దీన్ని ఎందుకు వదలరు? చవక, దశాబ్దాల అనుభవం ఉంది, బరువు తూచి జాతి చూసి ఇస్తే పనిచేస్తుంది. పది వీధి కుక్కలకు వైద్యం చేయాలనుకునే మనిషికి ధర చిన్న విషయం కాదు. ఎదుటి పక్షం వాదన ఫ్లూరలానర్, అఫోక్సొలానర్ వంటి కొత్త మాత్రల గురించి. ఇవి 2013-14 తర్వాత ప్రపంచ మార్కెట్లోకి వచ్చాయి. మిన్నల్లులు, పిడుదులు, గజ్జి పురుగు, డెమోడెక్స్ నాలుగింటి మీదా పనిచేస్తాయి. ఒక మాత్ర నెల రోజులు, ఫ్లూరలానర్ అయితే 12 వారాలు కాపాడుతుంది. ఎండీఆర్1 లోపమున్న కుక్కలకూ చెప్పిన మోతాదులో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇవి కూడా మచ్చలేనివి కావు. కొన్ని కుక్కల్లో వణుకు, మూర్ఛ వస్తున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక జారీ చేసింది, కానీ ఆమోదం రద్దు చేయలేదు. కాబట్టి ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కకు డాక్టరు ఇవి రాయడానికి వెనకాడితే అందులో అర్థముంది.

రాత్రికి రాత్రి పుట్టే పచ్చి పుండు

కొన్ని పుండ్లు వారాల తరబడి పెరగవు, గంటల్లో పుడతాయి. ఆదివారం సాయంత్రం గోల్డెన్ రిట్రీవర్‌కు స్నానం చేయించారు. పైన తుడిచారు, లోపలి మెత్తటి బొచ్చు తడిగానే ఉంది. సోమవారం పొద్దున చెవి కింద అరచేయంత మేర ఎర్రగా, జిగటగా, రసి కారుతూ పుండు. ముట్టుకుంటే కుయ్యిమంటుంది. డాక్టర్లు హాట్ స్పాట్ అనేది దీన్నే. కుక్క తన పంటితో, గోటితో తానే చేసుకునే గాయం ఇది. తడి దానికి పొయ్యి, అగ్గిపుల్ల మాత్రం వేరే ఉంటుంది: చెవి నొప్పి, ఒక మిన్నల్లి కాటు, తోక కింద గ్రంథుల బాధ, ఒక్కోసారి రోజంతా ఒంటరిగా ఉండే విసుగు.

దీని వైద్యంలో మొదటి పని బొచ్చు కత్తిరించడం. చాలా ఇళ్లలో ఇక్కడే పేచీ వస్తుంది, అందం పోతుందని. కానీ రసికి అట్టకట్టిన బొచ్చు పుండుకు మూతలా పనిచేస్తుంది. పైకి రూపాయి బిళ్లంత కనిపించేది కత్తిరించాక అరచేయంత తేలడం మామూలే. శుభ్రం చేసి, గాలి ఆడనిచ్చి, కొరుక్కోకుండా మెడకు గరాటులాంటి కాలరు పెట్టి, కొద్ది రోజులు దురద మందు ఇస్తే చాలావరకు త్వరగా మానుతుంది. స్టెరాయిడ్‌ను నిందించే వాళ్లు కూడా ఒప్పుకునే సందర్భం ఇది.

ఇక బాక్టీరియా వల్ల పొట్ట కింద వచ్చే చీము పొక్కులు. ఇవి పగిలాక గుండ్రటి మచ్చ మిగులుతుంది, అంచున పొట్టు లేస్తుంది. అచ్చం తామరలా ఉంటుంది. తామర మందు రాస్తారు. నిజమైన తామర కుక్కలకూ వస్తుంది, మైక్రోస్పోరం అనే శిలీంధ్రం వల్ల, అది పిల్లలకూ అంటుతుంది. కానీ గుండ్రంగా ఉన్నదల్లా తామర కాదు. మూడోది మలస్సీజియా అనే ఈస్టు. జిడ్డు, ముక్కిపోయిన వాసన, చంకల్లో, మెడ కింద, వేళ్ల మధ్య చర్మం ఏనుగు తోలులా నల్లబడి మందం కావడం దీని గుర్తులు. మన తేమలో ఇది బాగా వేళ్లూనుతుంది. బాక్టీరియానూ ఈస్టునూ వేరు చేయడానికి పారదర్శకమైన టేపు ముక్క చర్మానికి అంటించి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తే చాలు.

యాంటీబయాటిక్ మాత్రల దగ్గర డాక్టర్లలోనే రెండు వాదాలున్నాయి. పాత పద్ధతి సెఫలెక్సిన్ వంటివి మూడు వారాలకు తక్కువ కాకుండా ఇవ్వడం. కొత్త ఆలోచన తేలిక పొక్కులకు మాత్రల జోలికి పోకుండా క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో మొదలుపెట్టడం. చర్మం పైపొరకే పరిమితమైన ఇన్ఫెక్షన్లో షాంపూ మాత్రలకు దీటుగా పనిచేసిన పరిశోధనలున్నాయి. దీని వెనక ఉన్న భయం మందులకు లొంగని స్టాఫిలోకాకస్. ఐదు రోజులు మాత్రలేసి, పుండు ఆరిందని ఆపి, నెల తర్వాత మళ్లీ మొదలుపెట్టే అలవాటు దాన్ని పెంచి పోషిస్తుంది. షాంపూ వాదానికి ఉన్న ఇబ్బంది కూడా చిన్నది కాదు: నురుగు పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, వారానికి రెండు మూడుసార్లు చేయాలి, ఆరబెట్టాలి. 35 కిలోల లాబ్రడార్‌ను అపార్టుమెంటు బాత్రూములో పది నిమిషాలు కదలకుండా నిలబెట్టిన వాళ్లకే తెలుస్తుంది అది ఎంత పనో.

ఏ పురుగూ దొరకని దురద

పురుగులు లేవు, చీము తగ్గింది, అయినా గీరుకుంటూనే ఉంది. ఇప్పుడు మిగిలేది అలర్జీ. ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులు, పుప్పొడి, బూజు వంటివి పడకపోవడం ఒక రకం. సాధారణంగా ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య మొదలవుతుంది. పాదాలు నాకడం, మూతి రుద్దుకోవడం, చెవులు పదేపదే పాడవడం, చంకలు ఎర్రబడటం. దీన్ని ఖాయం చేసే రక్తపరీక్ష లేదు. మిగతావన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వచ్చి, చివర మిగిలినదానికి పెట్టే పేరు ఇది. పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుంది. మనుషుల్లో ఉబ్బసంలా.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక కుండను ఊహించుకోండి. పది గ్లాసుల నీళ్లు పడితే పొర్లుతుంది, పొర్లడమంటే కుక్క గీరుకోవడం. దుమ్ము అలర్జీ ఐదు గ్లాసులు, మిన్నల్లులు మూడు, ఈస్టు మూడు. మొత్తం పదకొండు, పొర్లింది. దుమ్మును మనం తీసేయలేం. కానీ మిన్నల్లుల్ని తీసేస్తే ఎనిమిది, కుండ నిండలేదు, కుక్క నిద్రపోయింది. యజమాని "మిన్నల్లుల వల్లే వచ్చింది" అంటాడు. మరో డాక్టరు ఈస్టు తగ్గిస్తే మళ్లీ ఎనిమిదే, "ఈస్టు వల్లే" అని తేలుతుంది. ఇద్దరి మాటా సగమే నిజం. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు చెప్పారని కంగారు పడేవాళ్లు ఈ కుండను గుర్తుంచుకుంటే మంచిది.

తిండి అలర్జీ గురించి మన దగ్గర నమ్మకాలు ఎక్కువ. తీపి పెడితే బొచ్చు ఊడుతుందంటారు, చికెన్ వేడి చేసి గజ్జి పుట్టిస్తుందంటారు. తీపికి గజ్జితో సంబంధం లేదు, అయినా పెట్టకపోవడమే నయం, ఒళ్లు పెరుగుతుంది కాబట్టి. చికెన్ సంగతి వేరు. కొన్ని కుక్కలకు అది నిజంగానే పడదు. వేడి వల్ల కాదు, అందులోని ప్రొటీను వల్ల. కుక్కల్లో తరచుగా పట్టుబడేవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. అంటే మన ఇళ్లలో అమాయకంగా కనిపించే పెరుగన్నం కూడా అనుమానితుల జాబితాలో ఉంది.

నిర్ధారణకు వెంట్రుకల పరీక్ష, లాలాజల పరీక్ష అని అమ్ముతున్నారు. అవి నమ్మదగినవి కావు. నమ్మదగిన పద్ధతి విసుగు పుట్టించేది. రోజూ చికెన్, పెరుగన్నం తినే కుక్కకు అది ఎన్నడూ తినని మాంసం ఒకటి, బంగాళాదుంప, అంతే. ఎనిమిది వారాలు. దురద తగ్గితే మళ్లీ చికెన్ పెట్టి చూస్తారు. కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దురద తిరిగొస్తే రుజువైనట్టు. ఆరో వారంలో తాతయ్య కాఫీ తాగుతూ ముద్దుగా ఒక గ్లూకోజ్ బిస్కెట్ విసిరాడంటే ఫలితాన్ని నమ్మలేం. ఈ పరీక్షలు ఎక్కువగా ఓడిపోయేది తాతయ్యల దగ్గరే.

స్టెరాయిడ్ దేవుడా, దెయ్యమా

ప్రెడ్నిసొలోన్ గంటల్లో దురద ఆపుతుంది. చవక. దాని బలమూ అదే, లోపమూ అదే. దురద ఏ కారణంతో వచ్చినా తాత్కాలికంగా ఆగిపోతుంది కాబట్టి కారణం మరుగున పడుతుంది. నెలల తరబడి వాడితే దాహం, మూత్రం, ఆకలి పెరుగుతాయి, కండ తగ్గి పొట్ట వేలాడుతుంది, చర్మం పలుచనవుతుంది. వారాల పాటు ఒంట్లో ఉండిపోయే స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో మరో చిక్కు, వద్దనుకున్నా వెనక్కి తీయలేం. మనుషుల ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్, యాంటీబయాటిక్, శిలీంధ్రం మందు మూడూ కలిసి ఉంటాయి, పైగా రాసిందంతా కుక్క నాకేస్తుంది.

మనకు పనిచేసే ఏవిల్, సెట్రిజిన్ కుక్కలకు ఎందుకు అంతంతమాత్రమే? ఆ మందులు అడ్డుకునేది హిస్టమిన్ అనే పదార్థాన్ని, కుక్క దురదలో దాని పాత్ర చిన్నది. ఇంటర్‌ల్యూకిన్-31 అనే సంకేత పదార్థానిది పెద్ద పాత్ర. 2013లో అమెరికాలో ఆమోదం పొందిన ఓక్లసిటినిబ్ మాత్ర ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. స్టెరాయిడ్ అంత వేగంగా, దాని దుష్ఫలితాలు చాలావరకు లేకుండా పనిచేస్తుంది. ఏడాది లోపు పిల్లలకు ఇవ్వరు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో వాడరు, ఖర్చు ఎక్కువ. ఇదీ దురదను ఆపేదే, పురుగును చంపేది కాదు.

వంటింటి వైద్యంలో ఎంత నిజం

అన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కొబ్బరినూనెలో గంధకం కలిపి గజ్జికి రాయడం పాత పద్ధతి. గంధకానికి గజ్జి పురుగును చంపే గుణం నిజంగానే ఉంది. సున్నం, గంధకం కలిసిన ద్రావణాల్ని పశువైద్యంలో ఇప్పటికీ వాడతారు. వేపకూ, కానుగ నూనెకూ పురుగుల్ని దూరం పెట్టే శక్తి కొంత ఉంది, కానీ ఇంట్లో తీసినదానిలో మందు ఎంతుందో తెలియదు. పసుపు పైపైన కాస్త మేలు చేయవచ్చు, కాకపోతే పుండు అసలు రంగు డాక్టరుకు కనిపించదు. రసి కారే పుండు మీద ఏ నూనె రాసినా తడి లోపలే బందీ అవుతుంది.

కర్పూరం కలిపిన నూనెలు వేరే సంగతి. నాకితే కర్పూరం కుక్కకు విషం. కిరోసిన్, వాహనాల నుంచి తీసిన నల్లనూనె, నీళ్లు కలపని ఫినాయిల్ చర్మాన్ని కాల్చేస్తాయి. ఇవి రాశాక పురుగు చస్తే చావవచ్చు, కుక్క ఒళ్లంతా కాలిన గాయాలతో ఆసుపత్రికి వస్తుంది.

వీధిలో బొచ్చు లేని కుక్క

వీధి కుక్కలపై సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఇచ్చిన ఆదేశం, అదే నెల 22న దానికి చేసిన మార్పు తర్వాత ఊరూరా వాటిని ఏం చేయాలన్న చర్చ వేడెక్కింది. ఆ వేడిలో ఒక పొరపాటు తరచుగా జరుగుతోంది: ఒంటి నిండా పుండ్లున్న కుక్కను చూసి "పిచ్చిది" అనడం. రేబిస్ మెదడుకు పట్టే వైరస్ జబ్బు. చర్మం మీద దాని గుర్తేమీ ఉండదు. గజ్జి కుక్కకు పిచ్చి ఉండి తీరాలని లేదు, నిగనిగలాడే బొచ్చున్న కుక్కకు రేబిస్ లేదన్న భరోసా కూడా లేదు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడిగి టీకాకు వెళ్లాల్సిందే, దాని చర్మం ఎలా ఉన్నా.

వీధి కుక్క గజ్జికి ఒకప్పటి అడ్డంకి దాన్ని పట్టుకోవడం. అమిట్రాజ్ అనే పురుగుమందు ద్రావణంతో వారం విడిచి వారం ఒళ్లు తడపాలంటే ఎవరి వల్లా అయ్యేది కాదు. ఫ్లూరలానర్ రకం మాత్ర ఒక్కటి తిండిలో పడితే చాలు, సార్కాప్టిస్ ఆ ఒక్క మోతాదుతో పోతుంది. దాని బరువును కంటితో అంచనా వేయడంలోనే చిక్కు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో, దగ్గరి పశువుల ఆసుపత్రికో వీడియో తీసుకెళ్లి అడిగితే ఆ అంచనా వాళ్లు మనకంటే బాగా వేస్తారు. దురద రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. బొచ్చు తిరిగి రావడానికి నెలలు పడుతుంది.